ఒక జన్యువు, రెండు పేర్లు

1992లో ఫిన్లండు దేశపు తుర్కు నగరంలో మార్కో సాల్మి, సిర్పా యల్కనెన్ అను పరిశోధకులు మానవ రక్తనాళాల లోపలి గోడపై ఒక ప్రోటీనును గుర్తించారు. రక్తంలో కొట్టుకొనిపోవు తెల్లకణాలు వాపు కలిగిన చోట గోడను అంటిపట్టుకొని, దానిని దాటి కణజాలంలోనికి పోవుటకు ఇది తోడ్పడుతుంది. అందుచేత ‘నాళములో అంటించు ప్రోటీను’ అను అర్థం వచ్చునట్లు దానికి వాప్-1 అని పేరు పెట్టారు.

1998లో దాని జన్యునిర్మాణం పరిశీలించగా, అది రాగిని ఇముడ్చుకొన్న అమైన్ ఆక్సిడేజు అను ఎంజైమని తేలింది. అమైనుల నుండి ఆల్డిహైడును, అమ్మోనియాను, హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టించుట దాని పని. 17వ క్రోమోసోముపై ఉన్న ఈ జన్యువుకు నేటి అధికారనామం ఏఓసీ3.

ఈ పేరు రసాయనచర్యను చెప్పి, అంటించు పనిని విడిచినది. పాతపేరు అంటించు పనిని చెప్పి, రసాయనచర్యను విడిచినది. పేరులో ఏమున్నదని అనుకోరాదు. ఎంజైము చర్యను అడ్డగించినప్పుడు తెల్లకణాల ప్రయాణం కూడ తగ్గినట్లు ప్రయోగాలు చూపినవి. అనగా రెండు పనులకూ సంబంధం ఉన్నది. ఒక్క పేరుతోనే చదివినవారికి ఈ సంబంధం తట్టదు.

లాలాజలంలోని అమైలేజును, జఠరరసంలోని పెప్సినును మాత్రమే ఉదాహరణలుగా చూపినచో, ఎంజైములన్నీ రసాలలో కరిగియుండునవేనని విద్యార్థి భావిస్తాడు. కణత్వచంలో నాటుకొని పనిచేయునవి కూడ కలవు. ఉపాధ్యాయులు వాటి సరసన ఈ ప్రోటీనును రెండు పేర్లతోను నల్లబల్లపై వ్రాసి చూపుట మేలు. పేరు గుర్తుకొరకే, పనిని నిర్ణయించునది ప్రయోగము.