ఉండ కుదిరితేనే గురి

తెనాలి నుంచి రేపల్లె దాకా ఏ పొలంలో తవ్వినా గులకరాయి చేతికి రాదు. కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రు, నల్లరేగడి, బాపట్ల వైపు సముద్రం దగ్గరపడే కొద్దీ ఇసుక. వరి కోతలయ్యాక వేసిన జొన్న పాలు పోసుకునే వేళకు చిలకలూ పిచ్చుకలూ దండెత్తితే, మంచె మీదివాడు వడిసెలలో ఏం పెట్టి విసరాలి? కాళ్ల కింద ఉన్న మట్టినే ఉండ చెయ్యాలి.

లోటులా కనిపించినా నా లెక్కలో ఇది లాభమే. ఏ రెండు రాళ్లూ ఒక్కలా ఉండవు. బరువు మారితే విసురు మారుతుంది, తాడు వదలాల్సిన క్షణం మారుతుంది. వంకర రాయి గాలిలో పక్కకు లాగుతుంది. ఉండలన్నీ ఒక్క తీరున ఉంటేనే చెయ్యి కుదురుకుంటుంది.

మట్టి దగ్గరే సగం పని. ఉత్త రేగడి ఆరేటప్పుడు బీటలిస్తుంది, ఇసుక ఎక్కువైతే వేళ్ల మధ్యే రాలిపోతుంది. రెండూ పాళంగా కలిపి, వేర్లూ పుల్లలూ ఏరేసి, మెత్తగా పిసకాలి. లోపల గాలి మిగిలితే బరువు ఒక పక్కకు ఒరుగుతుంది. వడిసెలకు నిమ్మకాయంత, ఉండేలుకు గోళీ అంత. చేసిన వెంటనే ఎండలో పెడితే పైపొర ముందే బిగుసుకుని పగులుతుంది. నీడన ఆరనిచ్చి, ఆ తర్వాతే ఎండ చూపాలి. చివరికి ఒక్కొక్కటీ అరచేతిలో ఎగరేసి, తేలికవీ బరువైనవీ పక్కన పెట్టెయ్యాలి. ఈ ఏరివేతకు బద్ధకించినవాడికి గురి కుదరదు.

ఉండేలు వెదురుబద్దతో చేసిన విల్లు. దానికి రెండు తాళ్లు, నడుమ ఉండ కూర్చునే చిన్న అల్లిక. వదిలేటప్పుడు విల్లు పట్టిన మణికట్టును కాస్త పక్కకు తిప్పాలి. లేకపోతే ఉండ నేరుగా బొటనవేలికే వస్తుంది. నేర్చుకునేవాళ్లకు ఈ పాఠం వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

విసరడానికి ఉండలు చేసుకోవడం మన ఒక్కరి తెలివే కాదు. సిరియాలోని హమూకార్ తవ్వకాల్లో సుమారు 5,500 ఏళ్ల నాటి మట్టి వడిసెల ఉండలు దొరికాయి. క్రీ.పూ. 401 నాటి దండయాత్రలో పర్షియన్లు పిడికిలి నిండే రాళ్లు విసురుతుంటే, రోడ్స్ ద్వీపంవాళ్ల సీసపు గుండ్లు అంతకు రెట్టింపు దూరం పోయేవని గ్రీకు రచయిత జెనోఫన్ రాశాడు. అమెరికాలో కొందరు రైఫిల్ వేటగాళ్లు ఇప్పటికీ తూటాలు ఇంట్లోనే నింపుకుంటారు. కాల్చిన ఇత్తడి గుల్లను మళ్లీ కొలతకు తెచ్చి, మందును గ్రెయిన్లలో తూచి, గుండును ప్రతిసారీ ఒకే లోతున కూర్చోబెడతారు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. త్రాసు మారింది కానీ, కిందటి దెబ్బలాగే ఈ దెబ్బా పడాలన్న తాపత్రయం మంచె మీదివాడిదే.

మన దగ్గర ఆ తూటాల దారి లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట దాదాపుగా నిషిద్ధం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటాలు తయారు చేయాలన్నా లైసెన్సు కావాలి. అదే చట్టం పంట కాపలా కోసం మందు దట్టించే నాటు తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు మాత్రం ఉంచింది. జొన్నచేలో పిట్టలకు అంత ఆర్భాటం ఎందుకు? ఇక్కడ గురి అంటే పిట్టను కొట్టడం కాదు. గుంపు వాలబోయే చోటికి ముందుగా ఉండ చేరాలి, సొంత కంకులు విరగకూడదు, పక్క చేలో మంచె మీద ఉన్న బాబాయికి తగలకూడదు.

ఇప్పుడు చేల మీద మెరిసే రిబ్బన్లు కడుతున్నారు. గాలికి మోగుతూ కొన్నాళ్లు బాగానే బెదిరిస్తాయి. అలవాటు పడ్డాక చిలకలు వాటి పక్కనే వాలతాయి, మళ్లీ మనిషి వెళ్లి అదిలించాల్సిందే. గురి తప్పిన మట్టి ఉండ తొలి తడికే చేలో కలిసిపోతుంది. రిబ్బన్ ముక్కల్ని మాత్రం కోతయ్యాక ఎవరో ఒకరు ఏరాలి.