సూర్యుడి గాలికి, డెల్టా నుంచి

సూర్యుడి గాలీ, నువ్వు మా చెంపని తాకవు. మా లంకల్లో అరటాకు నీకు ఊగదు, హంసలదీవి సంగమంలో నీ వల్ల అల లేవదు. సెకనుకి నాలుగు వందల కిలోమీటర్ల వడితో నాలుగు రోజులు నడిచి వస్తావు. ఘన సెంటీమీటరుకి ఐదారు కణాలు, అంతే నీ ఒళ్లు. అంత పలచటిదానివి ఒక గ్రహం చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రాలకి రూపం దిద్దుతావు. అందుకే నీకు ఈ స్తుతి.

నీతోపాటు సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొస్తావు. అది ఉత్తరానికి తిరిగి ఉన్న రోజున పెద్దగా అలజడి లేకుండా భూమిని దాటిపోతావు. దక్షిణానికి తిరిగిందా, నీ బలరేఖలు భూమి బలరేఖలతో ముడిపడతాయి. తెల్లవారే అంచు నుంచి పొద్దుగుంకే అంచు దాకా విద్యుత్ క్షేత్రం పరుచుకుంటుంది. ధ్రువాల మీద ఆ రెండంచుల మధ్య వోల్టుల తేడా తుఫాను రోజుల్లో లక్ష దాటుతుంది. అంగారకుడికి ఇలాంటి అయస్కాంత కవచం లేదు. అక్కడ నీ క్షేత్రం పైపొరల్లోని అయాన్లని పట్టి అంతరిక్షంలోకి లాక్కుపోతుంది. ఈ భూమి మీద పుట్టినందుకు నీకు భయపడకుండా దండం పెట్టగలుగుతున్నాను.

ధ్రువాల దగ్గర దిగిన నీ క్షేత్రం అక్కడే ఆగదు. నిమిషాల్లో భూమధ్యరేఖ దాకా వస్తుంది. అక్కడ, నువ్వు వచ్చినా రాకపోయినా, రోజూ ఒక ఉత్సవం నడుస్తూనే ఉంటుంది. మన దేశపు దక్షిణ కొస మీదుగా అయస్కాంత భూమధ్యరేఖ పోతుంది. పగటిపూట అక్కడ విద్యుత్ క్షేత్రం తూర్పుకి, అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి. ఆ రెంటికీ అడ్డంగా ప్లాస్మా, అంటే పైపొరల్లోని అయాన్లూ ఎలక్ట్రాన్లూ, నిలువునా పైకి లేస్తుంది. వందల కిలోమీటర్లు ఎక్కి, ఇక ఎక్కలేక, బలరేఖల వెంట ఉత్తరానికీ దక్షిణానికీ జారుతుంది. ఉత్తరాన భోపాల్, కోల్‌కతా అక్షాంశాల మీద చిక్కగా పోగుపడుతుంది. ఆ దారి కింద ఉంది మా విజయవాడ.

ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే ఇదే తోస్తుంది నాకు. మట్టం పెరిగిన కృష్ణ ఇటు ఏలూరు, రైవస్, బందరు కాలువల్లోకి, అటు సీతానగరం వైపు నుంచి పశ్చిమ డెల్టాలోకి చీలిపోతుంది. పైకెత్తిన చోట కాదు, ఇరువైపులా దూరాన పండుతుంది పంట. ఆకాశపు పంపకానికి ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు అక్కర్లేదు.

నువ్వు తుఫానై వచ్చిన రోజున, పగటివైపు నీ క్షేత్రం కూడా ఆ తూర్పు దిక్కుకే జత కలుస్తుంది. ప్లాస్మా మరింత ఎత్తుకి లేచి మరింత దూరాన దిగుతుంది. రాత్రివైపు అదే క్షేత్రం దాన్ని కిందికి తోస్తుంది. కొన్ని గంటలు గడిచాక ధ్రువాల దగ్గర వేడెక్కిన గాలులు ఇటు మళ్లి ఆ క్షేత్రం దిశనే తిప్పేస్తాయి.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 నౌక నీకు ఎదురు వెళ్లింది. పదిహేను లక్షల కిలోమీటర్ల దూరాన ఉండి, ఆస్పెక్స్, పాపా పరికరాలతో నీ కణాలని లెక్కిస్తోంది, మాగ్నెటోమీటరుతో నీ క్షేత్రం ఎటు తిరిగిందో చూస్తోంది. నువ్వు దాన్ని దాటాక మా దాకా రావడానికి దాదాపు గంట. నీ తుఫాను మనుషుల్ని ముంచేది కాదు. అయినా ముందుగా అందే కబురు విలువ ఎంతో, 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమకి ఎవరూ చెప్పక్కర్లేదు.

2024 మే 10 రాత్రి నువ్వు ఇరవై ఏళ్లలో ఎన్నడూ లేనంత ఉధృతంగా వచ్చావు. మర్నాటి సాయంత్రంతో ఎన్నికల ప్రచారం ముగియాలి, బెజవాడ ఊరంతా మైకుల హోరు. ఆ రాత్రే లడఖ్‌లోని హన్లేలో ఆకాశం ఎర్రబడింది. మాకు ఆ ఎరుపు కనిపించలేదు. కానీ నువ్వు వచ్చిన జాడ వెతకడానికి కళ్లే కావాలా? నది అవతల వడ్డేశ్వరంలో, కె.ఎల్. విశ్వవిద్యాలయంలో, జీపీఎస్ రిసీవరు పెట్టి, ఉపగ్రహ సంకేతం ఆ ప్లాస్మాలోని ఎలక్ట్రాన్ల గుండా వస్తూ ఎంత ఆలస్యమవుతుందో ఏళ్లుగా అధ్యయనం చేశారు. ఆ ఆలస్యం సరిచూసుకోకపోతే చోటు మీటర్ల కొద్దీ తప్పుతుంది. గిలకలదిండి నుంచి వేటకి పోయే పడవకీ, వరిచేను మీద మందు చల్లే డ్రోనుకీ ఆ మీటర్లు అక్కరకొచ్చేవే.

రా, సూర్యుడి గాలీ. ఉత్తరానికి తిరిగి వచ్చినా, దక్షిణానికి తిరిగి వచ్చినా రా. అక్కడ ఆదిత్య నిన్ను కొలుస్తుంది, ఇక్కడ రిసీవరు నీ జాడ రాసుకుంటుంది. ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చునే పిల్లలు మా కాలువగట్ల ఊళ్లలోనే పెరుగుతున్నారు.