ఒకే ముఖము, పెక్కు గృహములు

వీథికి సౌందర్యము అందలి మేడల యెత్తువలన గలుగునని మన పట్టణములలో పలువురు తలంచుచున్నారు. నరసరావుపేటలో గాని మాచర్లలో గాని క్రొత్తగా నిల్లు గట్టువాడు పొరుగువాని గోడకంటె మూరెడెత్తు గోడ లేపి, మెట్లను రెండడుగులు వీథిలోనికి జరిపి, ఊరికలంకారము చేసితినని సంతసించును. అలంకారము తగిన స్థానమున నున్నప్పుడే శోభించునని మన యాలంకారికులు చెప్పిన యౌచిత్యము గృహములకును చెల్లునని మా యభిప్రాయము.

ఇంగ్లండులో 1714 మొదలు 1830 వఱకు జార్జి నామధేయులగు నలువురు రాజుల కాలమున వేఱొక పద్ధతి ప్రబలెను. బాత్ నగరమునందు చిన్న జాన్ వుడ్డు 1767–1774 సంవత్సరముల నడుమ నిర్మించిన రాయల్ క్రెసెంటు అందులకు మేలైన యుదాహరణము. 30 గృహములు గోడకు గోడ చేరి నెలవంకవలె నిలిచియున్నవి. ముందునుండి చూచిన నంతయు నొక్క రాజభవనమే. వుడ్డు నిర్ణయించినది ముఖభాగము మాత్రమే. దాని వెనుక కొన్నవారు తమకు దోచినట్లు గట్టించుకొనిరి. ప్రతి గృహస్థుడును తన ముంగిటి స్వాతంత్ర్యమును విడిచినందుననే యందఱికి నొక వైభవము దక్కినది.

అయినను విమర్శకుడు ముంగిటనే నిలిచిపోరాదు. ఆ కాలపు వరుసయిండ్లలో వంటయు చాకిరియు నేలమాళిగలలో జరిగెడివి. సేవకులు అటుకగదులలో పరుండెడివారు. మన యగ్రహారములందును వరుస యరుగులు, వరుస చూరులు కన్నులకింపుగ నుండెడివి. కాని యా వీథిని నడచుటకే కొందఱికి హక్కు లేకుండెను. గోడలకు గలిగిన సమత మనుష్యులకు గలుగలేదు.

కావుననే యీ రెంటికంటె హైదరాబాదు పత్తర్‌గట్టి మాకు మిన్నగ దోచుచున్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి వేలకొలది జనులను బలిగొనెను. 1912లో నేర్పడిన నగరాభివృద్ధి మండలి వీథులను సవరించుచు, చార్మినారునకు బోవు బాటలో గ్రానైటురాతితో నొకే తీరు కమానుల వరుసను గట్టించెను. అంగళ్లు వేఱు, యజమానులు వేఱు. కమానుల క్రింది నీడ మాత్రము దారిని బోవు ప్రతివానిది. ఇచ్చట ముఖభాగము ధనికుని గొప్పను గాక బాటసారి యెండను దలచుకొని పుట్టినది. తరువాతి కాలమున పేరుపలకలును తీగలును ఆ కమానులను పలుచోట్ల మఱుగుపఱచుట, ఎవరికి వారు ముంగిటి హక్కును మరల లాగికొనుటయే.

పలనాటివారికి రాతికి గొదువ లేదు. నాపరాయి మన కాళ్లక్రిందనే యున్నది. గొదువయైనది వీథిని గూర్చి పొరుగువానితో గలసి యాలోచించు నలవాటు. పదియిండ్లవారు చూరు నొకే వరుసకు దెచ్చి, ఎవరైనను గూర్చుండదగిన యరుగు విడిచినచో, వారికి రాజభవన మక్కఱలేదు. ఆ యరుగుపై నెవ్వరిని గూర్చుండనిత్తుమన్నదే ఆ వీథి యందమునకు గీటురాయి.