పుట్టను త్రవ్వరాదు

మా ద్వారకా తిరుమలలో స్వయంభువుగా వెలసిన స్వామికి పైభాగము మాత్రమే భక్తులకు గోచరించును. తక్కినది పుట్టలోననే యున్నదనియు, నీటిబొట్టు పడినను అందలి చీమలు కదలుననియు నమ్మి, అర్చకులు ఆ మూర్తికి అభిషేకము చేయరు. పాదసేవకై తపించిన పూర్వులు పుట్టను త్రవ్వింపక, వెనుక సంపూర్ణమూర్తిని ప్రతిష్ఠించుకొనిరి. అది రామానుజాచార్యులవారి చేతి ప్రతిష్ఠయని ప్రతీతి. నాటినుండి మూర్తులు రెండు, వైశాఖమున నొకటి ఆశ్వయుజమున నొకటిగా ఏటేటి కల్యాణములును రెండే.

డేటాబేసు మార్పుల స్క్రిప్టులు వ్రాసి పొట్ట పోసికొను నాకు ఈ ఆచారమునందలి వృత్తిధర్మము ఆలస్యముగా బోధపడెను. మేము ప్రతి స్క్రిప్టునకును క్రమసంఖ్య నిత్తుము. ఏ సంఖ్యవరకు నడచినదో ఆయా డేటాబేసులోని చిట్టా టేబులే చెప్పును. ఒకప్పుడు నేను, అన్ని సర్వర్లపైనను ఏనాడో నడచిన 17వ స్క్రిప్టులోనే, మరచిన కాలమ్ నొకదానిని గుట్టుగా చొప్పించితిని. సరిక్రొత్తగా కట్టిన నా కంప్యూటరు డేటాబేసులో అది చక్కగా నమరెను. రిలీజునాటి రాత్రి అసలు సర్వరు మాత్రము, 17 పూర్తియైనదని చిట్టా చూచుకొని, దానిని దాటిపోయెను. లేని కాలమ్‌నకై ప్రోగ్రాము తెల్లవారువరకు అఱచుచునే యుండెను. ఫ్లైవే వంటి సాధనములు, నడచిన స్క్రిప్టు మారి చెక్‌సమ్ కలియనిచో, అడుగు ముందునకు వేయవు. మాకు నాడట్టి కావలి లేదు.

స్క్రిప్టులకే కాదు, టేబులులోని వరుసలకును ఇదే ధర్మము. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రమున 13 జిల్లాలు 26 అయినప్పుడు, మా మండలము పశ్చిమ గోదావరినుండియు, కొల్లేటి యొడ్డునున్న కైకలూరు కృష్ణానుండియు వచ్చి ఏలూరు జిల్లాలో చేరినవి. తాడేపల్లిగూడెము పశ్చిమ గోదావరిలోనే నిలిచినది. మా టేబులులో మండలమునకెదుట నున్న జిల్లా పేరును ఒక్క అప్‌డేటుతో తుడిచి వ్రాసితిమా, 2021 నాటి రశీదు సైతము ఏలూరు జిల్లాయని బొంకును. కావున పాత వరుసకు ముగింపు తేదీ వేసి, క్రొత్త వరుసను చేర్చుటయే మేలు. కాలమ్ మార్చునప్పుడును నంతే: మొదట క్రొత్తది చేర్చి, విలువలు నింపి, ప్రోగ్రాము దానికి అలవాటుపడిన పిదప, మరియొక రిలీజున పాతదానిని తొలగింపవలెను.

మై ఎస్‌క్యూఎల్‌లో టేబుల్ నిర్మాణమును మార్చిన పిమ్మట రోల్‌బ్యాక్ పనిచేయదు. బ్యాకప్ ముందుగనే తీసికొనుడు. నడచిన స్క్రిప్టును దిద్దకుడు. దిద్దుబాటునకు 18 అను సంఖ్య యున్నది.