అవ్వ పేరు ఏ పుటలో?

కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో ఏర్పడింది. తెలుగు, తమిళ, కన్నడ నేలలు కలిసే ఈ మూలన మాలపల్లెల, మాదిగపల్లెల పిల్లలకి పరిశోధన దగ్గరికొచ్చింది. అందుకే ఆకరాలు ఎట్లా చూపాలన్నది మాకు చిన్న సంగతి కాదు. ఎవరి మాట ఎవరి పేర చెలామణీ అవుతుందన్న ప్రశ్న అది.

2018లో యూజీసీ గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది. సిద్ధాంత గ్రంథంలో పోలిక 10 శాతం దాటితే సవరించి మళ్లీ ఇవ్వాలి. 40 దాటితే ఏడాది పాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఇవి అక్కర్లేదని మేం అనం. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన మన పిల్లకి కొటేషన్ గుర్తులు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు తక్కువ, తప్పు పట్టేవాళ్లు ఎక్కువ. కాబట్టి నేర్చుకు తీరాలి. వాక్యం తీసుకుంటే రచయిత, పుస్తకం, సంవత్సరం, పుట రాయాలి. మాటలు మార్చినా ఆలోచన వాళ్లదే, అప్పుడూ చెప్పాల్సిందే.

అయితే ఈ కొలత దేన్ని కొలుస్తోంది? కంప్యూటర్ రాతని రాతతోనే పోలుస్తుంది. గంగమ్మ జాతరలో పలక కొట్టే తాత చెప్పిన కథనీ, నాట్లేస్తూ అవ్వ పాడిన పాటనీ పేరు చెప్పకుండా రాసుకుంటే పోలిక సున్నా. ఇతరుల ఆలోచనని తనదిగా చూపడం చౌర్యమేనని ఆ నిబంధనలే అంటాయి. శిక్ష మాత్రం పోలిక శాతాన్ని బట్టి. ఆ సందులోంచే మనవాళ్ల పేర్లు జారిపోతున్నాయి.

ఇది నిన్న మొన్నటిది కాదు. థర్‌స్టన్, రంగాచారి 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేశారు. సమాచారమిచ్చిన అధికారుల, మిషనరీల పేర్లు అందులో కనబడతాయి. తమ సంగతి తాము చెప్పుకున్న మాల, మాదిగల పేర్లు అరుదు. ఇప్పటి పత్రాల్లోనూ 'ఒక వృద్ధురాలు', 'స్థానికులు' అన్న ఆకరాలు మాకు తగులుతూనే ఉన్నాయి.

పద్ధతి ఒప్పుకోదని కొందరంటారు. నిజమే, ఏపీఏ పద్ధతిలో నోటిమాట 'వ్యక్తిగత సంభాషణ' అయి వ్యాసం మధ్యలోనే ఆగిపోతుంది, చివరి ఆకరాల పట్టీలోకి రాదు. కెనడాలో క్రీ ఆదివాసి లైబ్రేరియన్ లోరిసియా మక్లౌడ్ దీన్నే ప్రశ్నించింది. తమ పెద్దల మాటకి పుస్తకంతో సమానంగా పట్టీలో చోటిచ్చే నమూనాలు తయారు చేసి 2021లో ప్రచురించింది. పద్ధతులు దేవుడు రాసినవి కావు. మనం ఎందుకు రాసుకోకూడదు?

అవ్వ పేరు, ఊరు, పాడిన తేదీ, రికార్డు చేసిందెవరు, ఆ రికార్డు ఎక్కడుంది: ఇవన్నీ పుస్తకాల పట్టీలోనే రావాలి. ముందు ఆమెని అడగాలి. వద్దంటే పేరు వేయకూడదు, ఆ ఊళ్లో బతకాల్సింది ఆమే. 'పేరు చెప్పొద్దన్నారు' అని రాస్తే చాలు.

అంబేద్కర్ 1948లో 'ది అన్‌టచబుల్స్'ని నందనార్, రవిదాస్, చోఖామేళాలకి పేరుపేరునా అంకితమిచ్చాడు. మరి మనం? సొంత అవ్వ పాటని 'క్షేత్ర పర్యటనలో సేకరించినది' అని రాసే దళిత పరిశోధకులూ ఉన్నారు. అగ్రకుల పండితుణ్ణి నిలదీసే ముందు మన సిద్ధాంత గ్రంథాల చివరి పుటలు మనమే ఒకసారి తిప్పి చూసుకుందాం.