ఆపడం నేర్చిన అమలాపురం కుర్రాడు

గంటకు 565 కిలోమీటర్లు. అమలాపురం కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ బ్యాడ్మింటన్ స్మాష్ వేగమిది. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సైతామాలో, యోనెక్స్ కర్మాగారం వ్యాయామశాలలో దీన్ని కొలిచారు. జులైలో గిన్నిస్ రికార్డుగా ప్రకటించగానే, పదేళ్ళుగా మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేరిట ఉన్న 493 చెరిగిపోయింది. కోనసీమంతా ఆ అంకె మారుమోగింది. మారుమోగాల్సిందే. కానీ ఆ ప్రకటనకు నెల ముందు జకార్తాలో జరిగింది అంతకంటే పెద్ద సంగతని నా నమ్మకం.

ఇండోనేషియా ఓపెన్ ఫైనల్లో సాత్విక్, ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టి కలిసి మలేషియా జోడీ ఆరన్ చియా, సో వూయి యిక్‌లను 21-17, 21-18తో ఓడించారు. అంతకుముందు ఆ జోడీతో ఎనిమిదిసార్లు తలపడి ఎనిమిదిసార్లూ ఓడారు. సూపర్ 1000 స్థాయి డబుల్స్ టైటిల్ భారత్‌కు దక్కడం అదే మొదలు. ఎనిమిది ఓటముల్లోనూ సాత్విక్ చేతిలో ఆ స్మాష్ ఉంది. స్మాష్ ఒక్కటే గెలిపించేదైతే అన్నిసార్లు ఓడాల్సిన పనే లేదు. ఈ జోడీ పైమెట్టు ఎక్కింది కొట్టడం వల్ల మాత్రమే కాదు, ఆపడం నేర్చుకోవడం వల్ల. ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టినవాడి పేరు బోర్డు మీద పడుతుంది, గోల్ పడకుండా అడ్డుకున్న డిఫెండర్ పేరు పడదు. డబుల్స్ షటిల్లోనూ అంతే. అందుకే ఆ అడ్డుకునే విద్య గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

మా గోదావరి జిల్లాల్లో షటిల్ అంటే డబుల్సే. గౌతమికీ వసిష్ఠకీ నడుమ ఉన్న లంకభూమిలో సాయంత్రం సముద్రపు గాలి లేస్తే ఐదు గ్రాముల ఈకల కాక్ ఎటు పోతుందో తెలియదు. అందుకే గాలి పడిపోయిన తెల్లవారుజామున, లేదంటే చలికాలపు రాత్రి దీపాలు కట్టుకుని ఆడతారు. ఉన్నది ఒకే కోర్టు, ఆడాలనుకునేవాళ్ళు బోలెడుమంది. కాబట్టి నలుగురు దిగాలి. మాస్టర్లు, ప్లీడర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇంటర్ చదివే కుర్రాళ్ళు ఒకే నెట్ దగ్గర జోడీలు కడతారు. అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా సింగిల్స్ ఆడుతూ కనిపించేది తక్కువ. ఈ డబుల్స్ అలవాటు నుంచే ప్రపంచ నంబర్ వన్ అయిన డబుల్స్ ఆటగాడు రావడం నాకు వింతగా అనిపించదు.

సాత్విక్ 2000 ఆగస్టు 13న పుట్టాడు. తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు, తనూ షటిల్ ఆడినవారు. తల్లి కూడా ఉపాధ్యాయురాలే. 2014లో హైదరాబాద్‌లోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు. కొన్నాళ్ళకు అక్కడి మలేషియా కోచ్ టాన్ కిమ్ హెర్, సాత్విక్‌నూ చిరాగ్‌నూ ఒకే జోడీగా కట్టారు. ఇద్దరూ వెనక నుంచి కొట్టేవాళ్ళే. ఒకడు వెనక బాదుతుంటే ఇంకొకడు ముందు నెట్ కాపలా కాయడం డబుల్స్‌లో పాత సూత్రం. ఇద్దరూ బాదేవాళ్ళే అయితే ముందు ఎవరు? ఎవరో ఒకరు కాదు, ఇద్దరూ నెట్ దగ్గరి ఆట నేర్చుకోవాలన్నదే జవాబు. అందుకు ఏళ్ళు పట్టింది.

ఇక ఆట లోపలికి వద్దాం. కోర్టు పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 6.1. అందులో సగం భాగాన్ని ఇద్దరు కాయాలి. చూడ్డానికి సులువే అనిపిస్తుంది. దాడిలో ఉన్న జోడీ ముందూ వెనకా నిలబడుతుంది. కాక్ పైకి లేపి ఎదుటివాడికి స్మాష్ అవకాశం ఇచ్చిన మరుక్షణం ఆ జోడీ విడిపోయి పక్కపక్కన నిలబడాలి. ఈ మారడం కళ్ళతో చూసుకుని చేసేది కాదు. వెనకనున్నవాడు పార్టనర్ వీపు చూడగలడు, ముందున్నవాడికి ఆ వీలు కూడా లేదు. కాక్ పైకి లేచిన తీరును బట్టే తను ఎటు జరగాలో, పార్టనర్ ఎటు జరిగి ఉంటాడో తెలిసిపోవాలి. వేల గంటలు ఒకే మనిషితో ఆడితే గానీ అది ఒంటికి పట్టదు.

పక్కపక్కన నిలబడ్డాక నడిమి సందు ఉంటుంది. కొట్టేవాడు ముందు చూసేది దాన్నే. కాక్ ఇద్దరి మధ్యకు వస్తే ఇద్దరూ చెయ్యి పెడతారు, లేదా ఇద్దరూ వదిలేస్తారు. ఊళ్ళో మనం ఆడేటప్పుడు సగం పాయింట్లు పోయేది ఇక్కడే. దీనికి మామూలుగా నేర్పే పద్ధతి ఇది: స్మాష్ కొట్టేవాడికి ఎదురుగా ఉన్నవాడు గీత పక్కకు జరిగి నిటారుగా వచ్చే కాక్‌నూ తన ఒంటినీ చూసుకోవాలి. ఏటవాలుగా అవతల ఉన్నవాడు లోపలికి జరిగి నడిమి సందు మూయాలి. అతని పక్క మూల ఖాళీ అవుతుంది నిజమే, కానీ అక్కడికి కొట్టాలంటే కాక్ ఎక్కువ దూరం రావాలి. ఎక్కువ దూరమంటే ఎక్కువ సమయం. డిఫెన్స్ లెక్క అంతా దూరం, సమయం మీదే నడుస్తుంది.

ఆ సమయం ఎంతో చూడండి. 565 అనేది కాక్ బ్యాట్‌ను వదిలిన క్షణంలో కొలిచిన వేగం. ఈకలు గాలిని పట్టుకుంటాయి కాబట్టి ఎదుటివాడి దగ్గరకు వచ్చేసరికి అందులో మూడో వంతు కూడా మిగలదు. అయినా పెద్ద ఆటలో స్మాష్ అందుకోవడానికి ఉండేది సెకనులో నాలుగో వంతు పాటి వ్యవధే. కాక్ కనబడ్డాక చెయ్యి కదిలిద్దామంటే కుదరదు. అందుకే మోకాళ్ళు వంచి, బరువు పాదాల ముందు భాగం మీద వేసి, బ్యాట్ నడుము ఎత్తున ఒంటికి కాస్త ముందుకు పట్టుకుని, బ్యాక్‌హ్యాండ్ పట్టుతో సిద్ధంగా ఉంటారు. పొట్ట మీదకు, గుండె మీదకు, ఎడమ పక్కకు వచ్చేవాటిని బ్యాక్‌హ్యాండ్‌తోనే తీయవచ్చు. కుడి తుంటి దగ్గరకు వచ్చే కాక్ మాత్రం గొడ్డలిపెట్టు. అక్కడ మోచేయి మడతపడి ఇరుక్కుపోతుంది. కుడిచేతి వాటం ఆటగాళ్ళ మీద చాలా స్మాష్‌లు ఆ తుంటికే గురిపెట్టడం గమనించండి.

ఆరడుగులు దాటిన సాత్విక్, చిరాగ్‌లకు ఇక్కడ ఇంకో కష్టముంది. పొడుగు వల్ల స్మాష్ నిట్టనిలువుగా దిగుతుంది. అదే పొడుగు డిఫెన్స్‌లో బరువు. తక్కువ ఎత్తులో వచ్చే కాక్ కోసం అంత మనిషి ఎంతో వంగాలి. వాళ్ళను చాలాకాలం ఇబ్బందిపెట్టిన ఇండోనేషియా జోడీలో కెవిన్ సంజయ చిన్నపాటి మనిషి, నెట్ దగ్గర మెరుపులా తిరిగేవాడు. మనవాళ్ళు ఆ చురుకును సాధనతో తెచ్చుకోవాల్సి వచ్చింది. 2021లో కోచ్‌గా వచ్చిన మథియాస్ బో, 2012 లండన్ ఒలింపిక్స్‌లో డెన్మార్క్‌కు డబుల్స్ రజతం తెచ్చినవాడు. అతను వచ్చాక మనవాళ్ళ ఆటలో ఓపిక కనబడసాగింది. స్మాష్ వస్తే కంగారుగా పైకి లేపేసి ఇంకో స్మాష్‌కు అవకాశమివ్వడం తగ్గింది. మెత్తగా ఆపి నెట్ ముందు పడేయడం, అదును దొరికితే చదునుగా తిరగ్గొట్టి దాడిని తమ వైపు లాక్కోవడం పెరిగింది. కాక్‌ను ఆపడంతోనే దాడి మొదలుపెట్టడమన్నమాట.

సర్వీస్ సంగతి కూడా ఇందులో భాగమే. డబుల్స్‌లో సర్వీస్ పడాల్సిన వెనక గీత సింగిల్స్‌కన్నా 76 సెంటీమీటర్లు ముందుంటుంది. అందువల్ల అందుకునేవాడు ధైర్యంగా నెట్ దగ్గరకు వచ్చి నిలబడతాడు. కాక్ నెట్ మీద వేలెడు ఎత్తు లేచినా చంపేస్తాడు. పైగా 2018 నుంచి కాక్‌ను నేల మీంచి 1.15 మీటర్ల లోపే కొట్టాలన్న నిబంధన. ఆరడుగుల మనిషికి అది పొట్ట దగ్గరకు వస్తుంది, అక్కణ్ణుంచి నెట్‌ను రాసుకుంటూ పంపాలి. స్మాష్ చూసి చప్పట్లు కొడతాం గాని, ఆ చిన్న సర్వీస్‌లో ఉన్న గుండెనిబ్బరం నాకు మరీ ఆశ్చర్యం.

కాగితం మీద బలాబలాలు జోడీ అలవాటు ముందు ఎలా తేలిపోతాయో 2022 మే 15న బ్యాంకాక్‌లో చూశాం. పురుషుల జట్ల పోటీ అయిన థామస్ కప్ ఫైనల్లో ఇండోనేషియా, మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన మొహమ్మద్ అహ్సాన్‌నూ కెవిన్ సంజయనూ కలిపి దింపింది. ఇద్దరూ మహామహులే, కానీ ఒకరికొకరు అలవాటైన జోడీ కాదు. మనవాళ్ళు మొదటి గేమ్ పోగొట్టుకుని కూడా 18-21, 23-21, 21-19తో గెలిచారు. ఆ తర్వాత మన గుంటూరు కిదాంబి శ్రీకాంత్ మిగతా పని పూర్తిచేశాడు. 3-0తో కప్ మొదటిసారి మన దేశానికొచ్చింది.

తర్వాతివి చకచకా చెప్పేస్తాను. 2022లో ప్రపంచ పోటీల కాంస్యం, 2023 ఏప్రిల్‌లో దుబాయ్‌లో ఆసియా చాంపియన్‌షిప్, అక్టోబరు 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల స్వర్ణం. ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో భారత్‌కు అదే తొలి స్వర్ణం. ఆ వెంటనే ప్రపంచ నంబర్ వన్ స్థానం.

ఒలింపిక్స్ మాత్రం ఇంకా బాకీ ఉంది. టోక్యోలో తొలి మ్యాచ్‌లోనే తైవాన్ జోడీ లీ యాంగ్, వాంగ్ చిలిన్‌లను 27-25 దాకా సాగిన మూడో గేమ్‌లో ఓడించారు. గ్రూపులో రెండు మ్యాచ్‌లు గెలిచినా గేముల తేడాతో బయటికొచ్చేశారు. మనవాళ్ళు ఓడించిన ఆ తైవాన్ జోడీయే టోక్యోలోనూ పారిస్‌లోనూ స్వర్ణం కొట్టింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 2024 పారిస్ క్వార్టర్స్‌లో మొదటి గేమ్ 21-13తో గెలిచి, తర్వాతి రెండూ చియా, సో జోడీకి వదులుకున్నారు. 2025 ఫిబ్రవరిలో సాత్విక్ తండ్రి కన్నుమూశారు. ఆ ఆగస్టులో అదే పారిస్‌లో జరిగిన ప్రపంచ పోటీల క్వార్టర్స్‌లో అదే మలేషియా జోడీని వరస గేముల్లో ఓడించి రెండో కాంస్యం ఖాయం చేసుకున్నారు.

డబుల్స్ విలువ మనం ఆలస్యంగా గుర్తించాం. ప్రకాశ్ పదుకోన్, గోపీచంద్, సైనా, సింధు, అందరూ సింగిల్స్ వాళ్ళే. వాళ్ళు గొప్పవాళ్ళు, సందేహం లేదు. కానీ 2011లో గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప ప్రపంచ కాంస్యం తెచ్చాక కూడా డబుల్స్‌ను చిన్నచూపు చూస్తున్నారని జ్వాల పదేపదే చెప్పుకోవాల్సి వచ్చింది. సింగిల్స్‌లో నెగ్గలేనివాళ్ళ ఆట అనే భావన మన కోచింగ్ కేంద్రాల్లో ఇంకా ఉంది. అది తప్పు. ఒక మనిషి లోపాన్ని ఇంకో మనిషి కప్పడం, పార్టనర్ చేసిన తప్పుకు మొహం మాడ్చుకోకుండా తర్వాతి సర్వీస్‌కు సిద్ధపడడం సింగిల్స్ ఎంత ఆడినా రాని విద్యలు.

కోనసీమలో ఇప్పుడు బ్యాట్ పట్టే పిల్లలు తక్కువేం కాదు. వాళ్ళకు స్మాష్ నేర్పడానికి ఎవరూ చెప్పనక్కర్లేదు, 565 అనే అంకె చాలు. కావలసింది గాలి దూరని, చెక్క నేల వేసిన కోర్టులు, డబుల్స్ తెలిసిన కోచ్‌లు. ఇంకొకటి, దీనికి పైసా ఖర్చు లేదు: స్కూలు పోటీలకు సింగిల్స్‌లో మిగిలిపోయినవాళ్ళను పోటీ ముందురోజు సాయంత్రం జోడీ కట్టే అలవాటు మానుకోవాలి. జూన్‌లో బడి తెరిచినప్పుడే ఇద్దరు పిల్లల్ని ఒక జోడీగా ఎంచి, ఏడాదంతా కలిపి ఆడించాలి. ఓడినా విడదీయకూడదు.