తీర్పులకూ సనద్ కావాలి

ముస్లిం పర్సనల్ లాపై తెలుగులో వెలువడే వ్యాసాలలో ఒక లోపం తరచు కనిపిస్తున్నది. హదీసును ఉదహరించేటప్పుడు గ్రంథమూ, అధ్యాయమూ పేర్కొనే రచయితలే కోర్టు తీర్పు దగ్గరకు వచ్చేసరికి "సుప్రీంకోర్టు ఇలా అన్నది" అని దాటిపోతారు. ఏ కేసు? ఏ సంవత్సరం? ఏ పుట? సనద్ లేని మాటను ముహద్దిసులు స్వీకరించలేదు. మరి తీర్పుల విషయంలో ఈ ఉదాసీనత దేనికి?

దీనికి పెద్ద విద్య అక్కరలేదు. షాబానో కేసు ప్రక్కన "ఎ.ఐ.ఆర్. 1985 ఎస్.సి. 945" అని వుంటే, ఆల్ ఇండియా రిపోర్టర్ 1985 సంపుటంలో, సుప్రీంకోర్టు భాగంలో, 945వ పుట అని అర్థం. "(1985) 2 ఎస్.సి.సి. 556" అన్నా అదే తీర్పు, సుప్రీంకోర్టు కేసెస్ అనే మరో ప్రచురణలో ఆ యేటి రెండవ సంపుటం, 556వ పుట. రెండు గుర్తులు చూసి రెండు తీర్పులనుకోరాదు. 2023 నుండి సుప్రీంకోర్టు తన తీర్పులకు తానే సంఖ్య ఇస్తున్నది కనుక ఏ ప్రచురణ చేతిలో వున్నా చిక్కులేదు.

అయితే పుట దొరికినంత మాత్రాన తీర్పు దొరికినట్లు కాదు. ముమ్మారు తలాఖ్‌పై షాయరాబానో కేసు, "(2017) 9 ఎస్.సి.సి. 1", తీసుకోండి. న్యాయమూర్తులు ఐదుగురు, అభిప్రాయాలు మూడు. ముందుగా అచ్చయినది ప్రధాన న్యాయమూర్తి ఖేహర్ వ్రాసినది. జస్టిస్ నజీర్ దానితో ఏకీభవించారు. పర్సనల్ లాకు రాజ్యాంగ రక్షణ వున్నదన్న ఆ పేరాలు మనలో చాలామందికి ఇంపుగా తోస్తాయి. కాని అది ఇద్దరి మాట. వాటిని అనువదించి "సుప్రీంకోర్టు తీర్పు" అనడం ఓడిన పక్షాన్ని గెలిచినట్లు చూపడమే. మిగిలిన ముగ్గురిలోనూ దారి ఒకటి కాదు: ఖుర్ఆన్‌కు విరుద్ధమైనది షరీఅత్ కాజాలదని కురియన్ జోసెఫ్, 14వ అధికరణం ఆధారంగా నారిమన్, లలిత్. చివరి ఉత్తర్వు దాకా చదవనివారికి ఇది తెలియదు.

భరణం విషయంలో ఈ అజాగ్రత్త పేదింటి స్త్రీకి తగులుతుంది. 1986 చట్టం వద్దనే ఆగిన పుస్తకం ఇద్దత్ గడిస్తే ఏమీ రాదంటుంది. ఆ చట్టాన్ని సమర్థిస్తూనే, భవిష్యత్తుకు సరిపడే ఏర్పాటు ఇద్దత్‌లోగా భర్త చేయాలని దానియల్ లతీఫీ కేసు, "(2001) 7 ఎస్.సి.సి. 740", చెప్పింది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ క్రింద కూడా ఆమె కోరవచ్చునని తెలంగాణ నుండి వెళ్ళిన అబ్దుల్ సమద్ కేసు, "2024 ఐ.ఎన్.ఎస్.సి. 506", తేల్చింది. ఆ సెక్షన్ ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 144.